చేపపిల్లల్ని లెక్కపెడితే ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి జువాలజీతో డిగ్రీ పూర్తిచేసింది. నదుల్లో చేపపిల్లలు ప్రవాహంతో ఎలా కొట్టుకుపోతాయో, ఎక్కడికి చేరతాయో అదే చదువుతానంటోంది. పీజీ, ఆపైన పీహెచ్‌డీ అట. నేనూ వాళ్ల నాన్నా డేటా సైన్స్ కోర్సులో చేరమంటున్నాం. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. పైగా ఈ చదువులో రాత్రిళ్లు నదిలో పడవ మీద పని ఉంటుందట.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జీతం, భవిష్యత్తు, డేటా సైన్స్ అంటూ వచ్చి అసలు సంగతి చివరి వాక్యంలో పెట్టారు. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్తేం కాదు. ఒకరికి గబ్బిలాలు, ఇంకొకరికి పుట్టగొడుగులు, మీకు చేపపిల్లలు. చివర్లో మాత్రం చీకటో అడవో పడవో తప్పకుండా ఉంటుంది. కాబట్టి ముందు రాత్రి సంగతే మాట్లాడుకుందాం.

రాత్రే ఎందుకంటే, చాలా జాతుల పిల్లలు కొట్టుకుపోయేది రాత్రే. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో పిల్ల సెంటీమీటరు కూడా ఉండదు. పగలైతే అడుగునున్న రాయినో గట్టునో కంటితో ఆనవాలు పట్టుకుని నీటికి ఎదురీదుతూ ఉన్నచోటే ఉండగలదు. చీకటి పడితే ఆ ఆనవాలు పోతుంది, ప్రవాహం ఎత్తుకుపోతుంది. పెద్ద చేపల కంటపడకుండా సాగిపోవడానికీ చీకటే మేలు. మడ్డి నీళ్ల నదుల్లో పగటికీ రాత్రికీ ఇంత తేడా ఉండదు. అందుకే మీ అమ్మాయి పని చేయబోయే నది ఎలాంటిదో ముందు అడగండి.

పని ఇలా ఉంటుంది. గరాటులా పొడవుగా ఉండే వల, దాని కన్ను అర మిల్లీమీటరు. వల నోటి దగ్గర ఫ్లోమీటరు, అంటే ఎన్ని నీళ్లు లోపలికి వెళ్లాయో కొలిచే చిన్న చక్రం. కాసేపు ప్రవాహంలో ఉంచి ఎత్తి, తోకన ఉన్న డబ్బాను ట్రేలో బోర్లిస్తారు. ఆకులు, పుల్లలు, పురుగులు. వాటి మధ్య గాజు దారప్పోగులాంటిది ఒకటి కదులుతుంది. ఒళ్లంతా పారదర్శకం, రెండు నల్లచుక్కలు మాత్రం కనిపిస్తాయి. అవి కళ్లు. మీ పిల్ల మనసు పారేసుకున్నది బహుశా అక్కడే.

ప్రమాదం లేదని నేను చెప్పను. నది నదే. ఒంటరిగా ఎవరినీ పంపకూడదు, లైఫ్ జాకెట్ తీయకూడదు, నీటిమట్టం ఎంత దాటితే పడవ దించరో ముందే రాసి పెట్టుకుని ఉండాలి. గైడుగా ఉండబోయేవారిని ఈ మూడూ అడగమనండి. జవాబు తడుముకుంటే ఆ ల్యాబ్ వద్దు. ఈ రాత్రులైనా చేపలు గుడ్లు పెట్టే కొద్ది వారాలే. మిగతా ఏడాదంతా మైక్రోస్కోపు, కంప్యూటరే.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇదే అమ్మాయి పెద్ద కంపెనీలో రాత్రి షిఫ్టు చేసి తెల్లారి ఇంటికొస్తే నాకీ ఉత్తరం రాసేవారా? రాత్రంటే భయమా, చుట్టాలకు చెప్పుకోవడానికి పేరులేని ఉద్యోగమంటే భయమా? మొదటిది న్యాయమైన భయం. రెండోదాన్ని అమ్మాయి నెత్తిన పెట్టకండి.

ఇక డేటా సైన్స్. నాలుగేళ్ల కిందట నేనూ వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాను. వాళ్లలో కొందరు తిరిగొచ్చారు. సర్టిఫికెట్ ఉంది, చేతిలో ప్రాజెక్టులున్నాయి, అందరివీ అవే ప్రాజెక్టులు. ‘ఈ అంకె ఎలా వచ్చింది’ అని అడిగితే మాట పెగల్లేదు. గణితం మీద ఇష్టం ఉండి లోతుగా చదివినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ఢోకా లేదు. ఆరు నెలల కోర్సు మీదే నా అనుమానం.

అంకె సంగతి వచ్చింది కాబట్టి ఇదే వల దగ్గరకు వద్దాం. కాసేపటికి ఆకులూ నాచూ పట్టి వల కన్ను పూడుకుపోతుంది. లోపలికి వెళ్లే నీళ్లు తగ్గుతాయి. పడవలో ఉన్నవాళ్లకు అది కనిపిస్తుంది, చక్రం నెమ్మదిస్తుంది. అది చూడకుండా నది వేగాన్ని వల నోటి వైశాల్యంతో, సమయంతో గుణించేస్తే వడకట్టిన నీళ్లు ఉన్నవాటికంటే ఎక్కువగా లెక్కకొస్తాయి. పిల్లల సాంద్రత తక్కువని తేలుతుంది. ఎంత గొప్ప సాఫ్ట్‌వేరుకైనా ఆ తప్పుడు అంకే అందుతుంది. మీ అమ్మాయి ఈ చదువులో స్టాటిస్టిక్స్ ఎలాగూ నేర్చుకోవాలి, నీటి ప్రవాహపు మోడళ్లూ నేర్చుకోవాలి. పిల్లల్ని కణాలుగా భావించి ఏ వంపులో ఆగుతాయో కంప్యూటర్‌లో వెతుకుతారు. మీరడిగే డేటా ఇందులోనే ఉంది, దాని వెనక చెయ్యి తడిపిన మనిషీ ఉంటుంది.

‘దీనివల్ల ఎవరికి ఉపయోగం’ అని మీరు రాయలేదు గానీ, వాళ్ల నాన్న అడిగే ఉంటారు. అమెరికాలో మిస్సోరీ నది ఎగువన పాలిడ్ స్టర్జన్ అనే చేప ఉంది. 1990లో దాన్ని అంతరించిపోతున్న జాతిగా ప్రకటించారు. ముసలి చేపలు కనిపిస్తూనే ఉన్నాయి, గుడ్లూ పెడుతున్నాయి, కొత్త తరం మాత్రం లేదు. కారణం పిల్లల ప్రయాణంలో దొరికింది. గుడ్డులోంచి వచ్చాక అవి రోజుల తరబడి, వందల కిలోమీటర్లు కొట్టుకుపోవాలి. డ్యాముల మధ్య నది పొట్టిదైపోయింది. ఈదడం రాకముందే జలాశయం మొదట్లోని బురదలోకి చేరుతున్నాయి. అక్కడ ప్రాణవాయువు లేదు. డ్యాముకు చేపలమెట్లు కట్టి పెద్ద చేపను పైకి ఎక్కించినంత మాత్రాన సరిపోదు, కింద పిల్లకు చాలినంత నది ఉండాలి. ఆ చాలినంత ఎంతో చెప్పేది ఈ చదువే.

చైనాలో యాంగ్జీ నదిదీ ఇలాంటి కథే. గడ్డిచేప, సిల్వర్ కార్ప్ గుడ్లు ప్రవాహంలో తేలుతూనే పిల్లలు కావాలి, నీళ్లు ఆగితే అడుక్కు దిగిపోతాయి. త్రీ గోర్జెస్ డ్యాము నుంచి 2011 నుంచీ గుడ్ల కాలంలో వరదను పోలిన నీటిని వదలడం మొదలుపెట్టారు. ఎప్పుడు, ఎంత వదలాలో తేల్చాలంటే దిగువన వల పట్టుకుని ఎవరో ఒకరు నిలబడాలి కదా.

ఉద్యోగాలు తక్కువ, దాచను. చాలావరకు ప్రాజెక్టు ఉన్నంతకాలమే. మత్స్యశాఖలు, పరిశోధన సంస్థలు, డ్యాముల పర్యావరణ అంచనాలు చేసే కన్సల్టెన్సీలు, విద్యుత్ కేంద్రాల నీటితూముల్లోకి పిల్లలు పోకుండా జాలీలు డిజైన్ చేసేవాళ్లు, ఇవీ తలుపులు. లార్వాను, అంటే గుడ్డులోంచి వచ్చిన కొత్తలోని పిల్లను, చూసి జాతి చెప్పగలిగేవాళ్లు అరుదు, అది చేతికొస్తే గిరాకీ ఉంటుంది. ఇప్పుడు నీటిలోని డీఎన్ఏతో జాతుల్ని పట్టే పద్ధతికి మోజు ఎక్కువ. మంచిదే, నేర్చుకోనివ్వండి. కానీ ఆ డీఎన్ఏ పిల్లదో తల్లిదో అది చెప్పదు, పిల్ల వయసూ చెప్పదు. వయసు కావాలంటే తలలోని ఆవగింజకన్నా చిన్న చెవిరాయిని తీసి, దానిమీద రోజుకొకటిగా పడే వలయాల్ని లెక్కపెట్టాలి. ఆ ఓపిక ఉందో లేదో మీకే బాగా తెలుసు.

పోల్చమన్నారు కదా. మొదటి అయిదేళ్లలో డబ్బు డేటా సైన్స్‌లోనే ఎక్కువ, అందులో వాదం లేదు. మిగతాది అమ్మాయి స్వభావాన్ని బట్టి. పీజీ వరకు చదవనివ్వండి, పీహెచ్‌డీ సంగతి ఒక సీజన్ నదిలో గడిపాక తనే చెబుతుంది. ఆ రెండేళ్లూ వృథా కావు, స్టాటిస్టిక్స్ చేతిలో ఉంటే అప్పుడు కూడా అటు మళ్లొచ్చు.

వీలైతే ఒక రాత్రి మీరూ వెళ్లి గట్టు మీద కూర్చోండి. వల ఎత్తాక ట్రే మీద టార్చి వేసి చూపించమని అమ్మాయినే అడగండి.