‘తప్పు నాదే’ అనడానికి నోరు రావడం లేదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పెళ్లయి పదకొండేళ్లయింది. ఒక బాబు, ఒక పాప. చిన్నప్పటి నుంచి విశ్వాసంలోనే పెరిగాను, ఆదివారం ఆరాధన మానను. కానీ ఇంట్లో ఏది చెడినా నా నోట ముందు వచ్చే మాట ‘నీ వల్లే’. ఆలస్యంగా లేస్తే నా భార్య లేపలేదంటాను. ఆఫీసులో పని చెడితే తోటివాళ్లు సరిగ్గా చెప్పలేదంటాను. పోయిన నెల ఒక ముఖ్యమైన దరఖాస్తు గడువు మర్చిపోయి, గుర్తు చేయలేదని పిల్లల ముందే ఆమె మీద అరిచాను. తర్వాత సారీ కూడా చెప్పాను. అయినా ఆమె అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. మొన్న మా తొమ్మిదేళ్ల బాబు చేతిలో గ్లాసు జారి పగిలింది. వెంటనే చెల్లెలి వైపు తిరిగి ‘నువ్వు అక్కడ నిలబడబట్టే ఇదంతా’ అన్నాడు. అచ్చం నా గొంతే. మా నాన్న ప్రతి చిన్న తప్పుకూ కొట్టేవారు, అందుకే నేనిలా తయారయ్యానేమో. ఉపవాసం ఉండి ప్రార్థిస్తే ఈ అలవాటు పోతుందా?

జవాబు: సోదరా, బాబు మాటల్లో మీ గొంతు విని ఉలిక్కిపడ్డారు చూడండి, దాన్ని చిన్న విషయం అనుకోకండి. ఆ చోట చాలామంది పిల్లాడిని నాలుగు తిట్టి ఊరుకుంటారు. మీరు ఆగి, మీ వైపు చూసుకున్నారు. దేవుడు మీ మనసులో పని మొదలుపెట్టాడనే నేను నమ్ముతున్నాను.

మీరు సారీ చెప్పానన్నారు, ఏమని చెప్పారో రాయలేదు. ‘సారీ, కానీ నువ్వు ఒక్క మాట గుర్తు చేసి ఉంటే సరిపోయేది కదా’ అన్నట్టు చెప్పారా? ఏమీ అనుకోకండి, ఇలాంటి ఇళ్ల సంగతులు ఎన్నో వింటుంటాను కాబట్టి అడుగుతున్నాను. ఆ ‘కానీ’ దగ్గరే అవతలి మనిషి మనసు మూసుకుపోతుంది.

సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయం ఈ రాత్రి నెమ్మదిగా చదవండి. అమాలేకీయుల్ని పశువులతో సహా నాశనం చేయమని దేవుడు చెప్పింది ఇశ్రాయేలు రాజు సౌలు పూర్తిగా చేయలేదు. సమూయేలు ప్రవక్త నిలదీస్తే సౌలు ఏమన్నాడో గమనించండి. మంచి గొర్రెల్నీ ఎడ్లనీ ‘జనులు’ ఉంచారట. మిగిలినవాటిని ‘మేము’ నాశనం చేశామట. తప్పు దగ్గర వాళ్లు, మంచి దగ్గర మేము! మన ఇళ్లలో రోజూ జరిగేది ఇదే. తర్వాత సౌలు ‘నేను పాపము చేసితిని’ అని కూడా అన్నాడు. అన్న వెంటనే, జనానికి భయపడి అలా చేశానన్నాడు. మళ్లీ అదే మాట రెండోసారి అని, పెద్దల ముందు నన్ను ఘనపరచు అని అడిగాడు. ఒప్పుకున్నాడు, కానీ పరువు మాత్రం చెక్కుచెదరకూడదు.

సౌలు తర్వాత రాజైన దావీదు చేసింది అంతకన్నా ఘోరం. ఇంకొకరి భార్య అయిన బత్షెబను తీసుకున్నాడు, ఆమె భర్తను యుద్ధంలో చనిపోయేలా చేశాడు. నాతాను ప్రవక్త వచ్చి ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నప్పుడు అతని నోటి నుంచి వచ్చిందీ ఆ మాటే, ‘నేను పాపము చేసితిని’. బత్షెబ పేరు ఎత్తలేదు. రాజుగా తన మీద ఉన్న ఒత్తిడి సంగతి చెప్పుకోలేదు. ఆ తర్వాతి ప్రార్థనగా మనం చదువుకునే 51వ కీర్తనలో కూడా నా అతిక్రమములు, నా పాపము అనే ఉంటుంది. ఇద్దరు రాజులూ అన్న మాట ఒక్కటే. దాని వెనక సౌలు ఏదో తగిలించాడు, దావీదు ఏమీ తగిలించలేదు.

ఇక మీ నాన్నగారి సంగతి. తప్పు దొరికితే దెబ్బ పడే ఇంట్లో పెరిగిన పిల్లాడు ముందు నేర్చుకునేది తప్పించుకోవడమే. ఆ దెబ్బలు నిజం, ఆ భయం నిజం. దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అవసరమైతే మీ పాస్టరుగారితోనో, మంచి కౌన్సెలర్‌తోనో కూర్చుని ఆ గాయం గురించి మాట్లాడండి. కానీ ఒక్కటి చూడండి. మీ ఉత్తరం చివర కూడా వేలు ఇంకొకరి వైపే తిరిగింది. ఆ భయం ఎక్కడ పుట్టిందో మీ నాన్నగారిని చూస్తే అర్థమవుతుంది, నిజమే. మొన్న పిల్లల ముందు అరిచిన నోరు మాత్రం మీదే.

నొప్పిగా ఉంటుందని తెలుసు. అందుకే దీని తర్వాత చెప్పే మాట మీకు బాగా వినపడాలని నా ఆశ. ఒప్పుకుంటే నా పని అయిపోతుంది అనే భయమే మనచేత ఎదుటివాళ్లను నిందింపజేస్తుంది. మీరు నమ్మే సువార్త సరిగ్గా ఆ భయం దగ్గరికే వచ్చి మాట్లాడుతుంది. క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు అని రోమా పత్రిక 8వ అధ్యాయం మొదటి వచనం. పడాల్సిన శిక్ష ఆయన సిలువ మీద తీసుకున్నాడు. తప్పు చేసిన మీ కోసం ఇక ఎవరూ బెత్తం పట్టుకుని కాచుకుని లేరు. మరి ఆ శిక్షను మీ భార్య తల మీదకో, తోటి ఉద్యోగి తల మీదకో నెట్టాల్సిన అవసరం ఏముంది? ఇన్నేళ్లుగా ఆరాధనలో ఈ మాట వింటూనే ఉన్నారు. గడువు మర్చిపోయిన ఆ సాయంత్రం మాత్రం అది గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి.

ఉపవాస ప్రార్థన తప్పకుండా చేయండి. కానీ ముందు ఆమె దగ్గరికి వెళ్లండి. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టి ఉన్నా సరే, సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అది అక్కడే వదిలి, వెళ్లి సమాధానపడు అన్నది ప్రభువే. వెళ్లి ఇంతే చెప్పండి: ‘గడువు మర్చిపోయింది నేను. నీ మీద అరిచాను. తప్పు నాదే.’ చెప్పి ఆగిపోండి. ఆ తర్వాత వచ్చే మౌనం మీకు చాలా కష్టంగా ఉంటుంది, దాన్ని మాటలతో నింపకండి. అరిచింది పిల్లల ముందు కాబట్టి, ఆమెకు ఇష్టమైతే వాళ్ల ముందు కూడా ఒకసారి ఒప్పుకోండి.

ఆమె వెంటనే మామూలుగా మారకపోవచ్చు. దేవుడు దావీదును క్షమించాడు, అయినా అతను చేసినదాని ఫలితాలు ఆ ఇంట్లో చాలాకాలం ఉండిపోయాయి. ‘నేను ఒప్పుకున్నా నువ్వు మారలేదు’ అని అనేశారంటే మళ్లీ ఆమెదే తప్పు అన్నట్టు! ఆమెకు టైమ్ ఇవ్వండి.

అలాగని లోకంలోని ప్రతి తప్పూ నెత్తిన వేసుకోమని కాదు. ఆఫీసులో నిజంగానే ఎవరైనా సమాచారం ఇవ్వకపోతే అది చెప్పాల్సిందే. కాకపోతే ముందు మీ వాటా చెప్పండి. మన కంట్లో దూలం తీసుకున్నాక ఎదుటివాడి కంట్లో నలుసు తేటగా కనపడుతుంది అన్నాడు యేసు ప్రభువు. అప్పుడు చెప్పే మాట అవతలివాళ్లు కూడా వింటారు. ‘నీ వల్లే’ అన్నది మీ నోట్లోకి పాత అలవాటుగా మళ్లీ వస్తుంది. బయటికి వచ్చేసిందా, ఆ క్షణమే ‘కాదు, నా వల్ల’ అని దిద్దుకోండి. సాయంత్రం దాకా ఆగొద్దు.

బాబును కూర్చోబెట్టి ఉపదేశం చేయకండి. వాడిని దగ్గరికి తీసుకుని, ‘ఆ మాట నువ్వు నా దగ్గర నేర్చుకున్నావు నాన్నా, నేను దాన్ని మానుకుంటున్నాను’ అని చెప్పండి చాలు. ఎప్పుడో ఒకరోజు వాడు పగిలిన వస్తువు చేత్తో పట్టుకుని మీ ముందుకొచ్చి, భయపడుతూ ‘నేనే నాన్నా’ అంటాడు. ఆ రోజు ఎంత ఖరీదైన వస్తువు పోయినా అరవకండి. ముందు వాడి చేతికి ఏమైనా గుచ్చుకుందేమో చూడండి.