రాకెట్ వదిలే ముందు ఇస్రో శాస్త్రవేత్తలు గుడికి వెళ్లడం తప్పా?

చంద్రయాన్-3 ప్రయోగానికి ముందు రోజు ఇస్రో బృందం చిన్న నమూనా పట్టుకుని తిరుమల వెళ్లిన ఫొటో పెట్టి, "వీళ్లూ శాస్త్రవేత్తలేనా?" అని అడిగారు మీరు. మాది సూళ్లూరుపేట. మా నాన్న షార్‌లో, అంటే మా పక్కనే ఉన్న శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, ఘన ఇంధనం తయారుచేసే ప్లాంట్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఈ వాదన మా ఇంట్లో ఎన్నోసార్లు జరిగింది. గుడికి వెళ్లడం తప్పు కాదనే నేనంటాను. అయితే ఆ ఫొటో చుట్టూ జరిగే గొడవలో అడగాల్సిన ప్రశ్నలు మునిగిపోతున్నాయన్నదే నా బాధ.

మా ఊళ్లో కొత్త లారీ కొన్నా, కూతురి పెళ్లి కుదిరినా ముందు కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడికే వెళ్తారు. ఇస్రో చైర్మన్లూ అంతే. నాన్న కూడా పొద్దున్నే దణ్ణం పెట్టుకునే షార్ బస్సెక్కేవారు. కానీ మెడలో వెంకన్న డాలర్ ఉన్న గొలుసు మాత్రం తీసి గోడ మేకుకి తగిలించి వెళ్లేవారు. ఆయన పనిచేసే చోట అమోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, రబ్బరు లాంటి బైండర్ కలిపి ముద్ద చేస్తారు. ఒక్క రవ్వ చాలు, అంతా పోతుంది. అందుకే ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి, అగ్గిపెట్టె గేటు దగ్గరే ఇచ్చేయాలి, లోపలికి అడుగుపెట్టే ముందు ఒంట్లో స్టాటిక్ పోయేలా లోహపు పలకను ముట్టుకోవాలి. స్వామి డాలరే కదా, ఉంచుకుంటే ఏం నాన్నా అని నేనడిగితే, "అది స్వామి డాలరని నిప్పురవ్వకి తెలీదు కదరా" అనేవారు. భక్తి, పని రెండూ ఆయన దగ్గర అలా ఉండేవి. అక్కడ పనిచేసే చాలామంది అలాంటివాళ్లే.

ఒక సంస్థలో సైన్స్ ఉందా లేదా అన్నది ప్రయోగం ఫెయిలయ్యాక తెలుస్తుంది. 2019 సెప్టెంబర్ 7న చంద్రయాన్-2 ల్యాండర్ (చంద్రుడి మీద దిగే వాహనం) విక్రమ్ కూలిపోయినప్పుడు ముహూర్తం బాగాలేదని ఇస్రో చెప్పలేదు. చంద్రయాన్-3కి దిగే చోటుని 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. ఇంజన్లు ఐదు కాదు, నాలుగు చాలన్నారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు. 2021 ఆగస్టులో జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్ ఫెయిలైతే, ద్రవ హైడ్రోజన్ ట్యాంకు వాల్వ్ లీకవడం వల్ల ఒత్తిడి తగ్గిందని బయటకు చెప్పారు. ఇంతకంటే శాస్త్రీయ దృక్పథం ఏముంటుంది?

నాకు టెన్షన్ పుట్టించేది వేరే రకం మాటలు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్ అనే శాస్త్రవేత్తల సభలో, అదీ పిల్లల ముందు, ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలన్నారు, రావణుడికి 24 రకాల విమానాలున్నాయన్నారు. గుడిలో కొబ్బరికాయ కొట్టేవాడు ఎవరి చదువుకీ అడ్డురాడు. సైన్స్ వేదికెక్కి పురాణాన్ని పాఠంగా చెప్పేవాడు అడ్డొస్తాడు. రాజ్యాంగంలో 51ఎ(హెచ్) అధికరణ శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుడి విధిగా పెట్టింది ఇలాంటివాటి కోసమే.

2023 ఆగస్టు 26న ప్రధాని చంద్రయాన్-3 విక్రమ్ దిగిన చోటుకి 'శివశక్తి' అని పేరు పెట్టారు. ఆ పేరు మీద టీవీల్లో ఎంత రచ్చో గుర్తుందిగా! ఆ ల్యాండర్‌కి సౌరఫలకాలే దిక్కనీ, రెండు వారాల చంద్రుడి రాత్రి చలిని తట్టుకునే అణు హీటర్ అందులో లేదనీ, ల్యాండర్‌ని చంద్రుడి దాకా మోసుకెళ్లిన ప్రొపల్షన్ మాడ్యూల్‌లో మాత్రం అలాంటివి రెండు పెట్టి పరీక్షించారనీ ఎంతమంది మాట్లాడారు? విక్రమ్ తెల్లారాక లేవలేదు. రాకెట్ మీద అణుపదార్థం పంపడం మంచిదా, పంపితే జాగ్రత్తలేంటి అన్నది మనందరం కూర్చుని వాదించుకోవాల్సిన విషయం. అందులోనూ షార్ పక్కన బతికే మా ఊరివాళ్లకి అది చాలా అవసరం.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. రాకెట్ నమూనాతో, కెమెరాలతో, సంస్థ పేరు మీద వెళ్లకుండా ఎవరికి వారుగా వెళ్తే బాగుంటుంది. ఇస్రోలో అన్ని మతాలవాళ్లూ, ఏ మతం లేనివాళ్లూ ఉన్నారు. కేరళలోని తుంబా రాకెట్ కేంద్రంలో తొలి రోజుల్లో చర్చి భవనాన్నే ఆఫీసు చేసుకుని పనిచేశారు. ఆ స్థలాన్ని మేరీ మగ్దలీన్ చర్చివాళ్లు సంతోషంగా ఇచ్చారు.

ఇక అడగాల్సింది ఇది. 2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 రాకెట్ మూడో దశలో ఫెయిలైంది. 2026 జనవరి 12న సీ62 కూడా మూడో దశ చివర్లోనే దెబ్బతింది. రెండోది వదిలేనాటికి మొదటిదాని విచారణ నివేదిక జనం ముందుకు రాలేదు. ఎఫ్10కి చెప్పగలిగినవాళ్లు దీనికి ఎందుకు చెప్పలేదు? మీ ఎంపీకి ఉత్తరం రాస్తే గుడి ఫొటో గురించి రాయకండి, ఆ నివేదిక గురించి రాయండి. నేను మా ఎంపీకి రాశాను.