అన్ని క్లబ్బులు మారిన అనెల్కా గొప్ప ఫార్వర్డేనా?

తిరుపతిలో సాయంత్రం మాతో బంతాడే కుర్రాడి ప్రశ్న ఇది: "ఎక్కడా కుదురుగా లేడంటే ఆట రానట్టే కదన్నా?"

కానే కాదు. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఫార్వర్డ్ (గోల్స్ కొట్టే ముందువరుస ఆటగాడు) నికొలస్ అనెల్కాను ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్ 1997లో సుమారు 5 లక్షల పౌండ్లకు కొని, 1999లో 2 కోట్ల పౌండ్లకు పైగా ధరకు స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్‌కు అమ్మింది. అంత లాభమొస్తే ఏ క్లబ్బు మాత్రం వదులుకుంటుంది?

మాడ్రిడ్‌లో గడిపింది ఒక్క సీజనే. 2000 మార్చిలో ప్రాక్టీసుకు రానన్నందుకు 45 రోజుల సస్పెన్షన్ పడింది. మేలో యూరప్ క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్, ఎదురుగా జర్మనీ క్లబ్బు బేయర్న్ మ్యూనిక్. రెండు లెగ్‌లలోనూ (సెమీఫైనల్‌లోని రెండు మ్యాచ్‌లలోనూ) గోల్ కొట్టాడు! కప్పు మాడ్రిడ్‌దే. నాకైతే అతని కెరీర్ మొత్తం ఆ మూడు నెలల్లోనే కనిపిస్తుంది.

తర్వాత లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ, ఫెనర్‌బాచె, బోల్టన్. చెల్సీలో 2008–09 సీజన్లో 19 గోల్స్‌తో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ అందుకున్నాడు. 2014లో మన ముంబై సిటీ క్లబ్బుకీ ఆడాడు.