ఇంద్రలాల్ రాయ్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన భారతీయ పైలట్ ఇంద్రలాల్ రాయ్ మీద నువ్వు రాసి పంపిన జీవితకథ చదివాను. శైలి చదివిస్తుంది. కానీ అందులో రాయ్ కంటే మన జెండా ఎక్కువ కనిపించింది. 1918లో అతను ఎగిరింది బ్రిటిష్ వైమానిక దళంలో. తండ్రి కలకత్తాలో బారిష్టరు, చదువు లండన్ సెయింట్ పాల్స్ స్కూల్లో. అలాంటి కుర్రాడికి ఆ యుద్ధం తన సొంతమే అనిపించి ఉండొచ్చు. మనకి ఇబ్బందిగా ఉన్నా సరే, ఆ మాట దాచకు.

విమానం కూలాక చనిపోయాడనుకుని పడుకోబెట్టిన శవాల గదిలో రాయ్‌కి స్పృహ వచ్చి తలుపు బాదాడన్న కథతో మొదలుపెట్టావు. అందరూ మొదలుపెట్టేది అక్కడే. "అని చెబుతారు" అని ఒక్క మాట చేర్చి ముందుకు వెళ్లిపో. 1917 డిసెంబరులో విమానం కూలాక డాక్టర్లు ఇక ఎగరడానికి పనికిరావన్నారు. కోలుకుంటూ విమానాల బొమ్మలు గీసుకున్నాడు, పైవాళ్లని ఒప్పించి మళ్లీ ఎక్కాడు. నువ్వు రెండు లైన్లలో దాటేసిన ఈ నెలల్లోనే మనిషి ఉన్నాడు.

ఇక అసలు సంగతి. 1918 జూలై 6 నుంచి 19 లోపు "పది విమానాలు నేలకూల్చాడు" అన్నావు. రికార్డులో పది విజయాలున్న మాట నిజమే. అందులో ఐదు ధ్వంసమైనవి, ఐదు అదుపు తప్పి కిందికి పోయినవి. రెండు ఇతర పైలట్లతో కలిసి కొట్టినవి. అదుపు తప్పినట్టు కనిపించినా అప్పటి బ్రిటిష్ లెక్కలో విజయమే. కింద ఉన్నది చాలాసార్లు శత్రువు నేల, దిగి చూసొచ్చే వీలెక్కడిది! ఇది రాస్తే వీరుడు చిన్నబోతాడని టెన్షన్ పడకు. రెండు వారాలైనా నిండకుండా అన్ని పోరాటాల్లోంచి బతికి రావడమే పాఠకుడికి ఊపిరాడనివ్వదు.

అతని ఫ్లైట్ కమాండర్, ఐరిష్ పైలట్ జార్జ్ మెక్‌ఎల్రాయ్ నీ కథలో ఎక్కడా లేడేం? 40వ స్క్వాడ్రన్‌లో రాయ్ ఎగిరింది అతని వెనకే. రాయ్ పోయిన తొమ్మిది రోజులకి అతనూ పోయాడు. అతనికి ఓ అధ్యాయం ఇవ్వాల్సిందే.

జూలై 22న ఫ్రాన్స్‌లోని కార్విన్ మీద జర్మన్ల ఫోకర్ విమానాలతో జరిగిన పోరులో రాయ్ మరణించాడు. ఆ పేజీలో నీ విశేషణాలన్నీ కొట్టేసి తేదీ, ఊరు, పంతొమ్మిదేళ్ల వయసు మాత్రం ఉంచి చదువుకో. సెప్టెంబరులో వచ్చిన డి.ఎఫ్.సి. (బ్రిటిష్ వైమానిక శౌర్య పతకం)కి ఒక వాక్యం చాలు.

జూలై భాగం తిరగరాసి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య