పాత స్ప్లెండర్‌లో అప్పుడప్పుడు పొగ: బోరు విప్పే ముందు చూడాల్సినవి

అన్నా, మీ 2006 మోడల్ స్ప్లెండర్ ప్లస్ పొద్దున స్టార్ట్ చేయంగనే గుప్పున పొగ వదిలి ఆగిపోతుందని, తర్వాత దారిలో ఎప్పుడో మళ్లీ కనిపిస్తుందని, మెకానిక్ హాఫ్ ఇంజన్ (ఇంజన్ పై సగం విప్పి బోరు, పిస్టన్, రింగులు బాగుచేసే పెద్ద రిపేరు) చేయించమన్నాడని రాశారు. దయచేసి ఇప్పుడే బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్, విప్పించకండి. మా నాన్న బండికి ఇదే లక్షణం వచ్చింది, దానికీ ముందు చెప్పింది హాఫ్ ఇంజనే.

పొగ రంగు కంటే అది ఏ సమయంలో వస్తుందన్నదే అసలు సంగతి చెబుతుంది. నాన్న హన్మకొండ నుంచి కాజీపేటకు పోతుంటే నేను ఇంకో బండి మీద వెనకాలే పోయి చూశాను. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఇంజన్ మీద బరువు పడుతున్నా సైలెన్సర్ శుభ్రంగా ఉంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి గేరులోనే దిగమన్నాను. కిందికి వచ్చి మళ్లీ రేస్ ఇవ్వగానే నీలం పొగ గుప్పుమంది, కాసేపటికి పోయింది. ఇది పిస్టన్ రింగుల రోగం కాదు, వాల్వ్ సీల్స్‌ది, అంటే వాల్వ్ కాడ చుట్టూ ఆయిల్‌ను ఆపే చిన్న రబ్బరు తొడుగులది.

ఎందుకంటే యాక్సిలరేటర్ మూసి ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడు ఇన్‌టేక్ వైపు గట్టి వాక్యూమ్ పుడుతుంది. గట్టిపడిపోయిన సీల్ పక్కనుంచి, వాల్వ్ కాడ వెంబడి, హెడ్డులోని (వాల్వ్‌లుండే ఇంజన్ పైభాగంలోని) ఆయిల్‌ను అది లోపలికి లాగేస్తుంది. మళ్లీ రేస్ ఇచ్చినప్పుడు ఆ ఆయిలంతా కాలి బయటికి వస్తుంది. పొద్దున వచ్చే పొగ కూడా ఇదే కథ: రాత్రంతా నిలబెట్టిన బండిలో ఆయిల్ చుక్కలు చుక్కలుగా దిగి, స్టార్ట్ కాగానే కాలిపోతుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడక తప్పదు.

రింగులు, బోరు అరిగితే తీరు వేరు. ఎత్తు ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చుని లాగించేటప్పుడు పొగ ఎడతెగకుండా వస్తుంది. ఇంజన్ నడుస్తుండగా బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) తీసి చూస్తే గాలి ఫుస్ ఫుస్ మని కొడుతుంది, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ చేరుతుంది. అనుమానం తీరకపోతే కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటర్) ఉన్న మెకానిక్ దగ్గరికి పోండి. ఒకసారి మామూలుగా చూసి, ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. రెండోసారి రీడింగ్ బాగా పెరిగితే రింగులు. మొదటిసారే బాగుండి, బ్రిడ్జి దిగినప్పుడు పొగ వస్తుంటే సీల్స్ మీదికే పోవాలి. గేజ్ పెట్టకుండా, ఒక్క కిక్కు కొట్టి కంప్రెషన్ పోయిందనే మాట నేను నమ్మను.

వీటన్నిటికంటే ముందు ఆయిల్ ఎంత ఉందో చూడండి. ఎక్కువ పోసినా పొగ వస్తుంది, అందుకని ఇంజన్ విప్పించుకున్నవాళ్లున్నారు. కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి, మెయిన్ స్టాండ్ మీద బండి నిటారుగా ఉంచి, డిప్ స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే పెట్టి చూడాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది.

డిసెంబర్, జనవరి పొద్దుల్లో మన దగ్గర కనిపించే తెల్లటి ఆవిరికి భయపడొద్దు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది, చల్లని సైలెన్సర్‌లో అదే తెల్లగా కనిపిస్తుంది. దానికి వాసన ఉండదు, గాలిలో నిలవదు. హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు దిగుతున్నాయని కార్లకు చెప్పే మాట మీ బండికి వర్తించదు, గాలితో చల్లబడే ఇంజన్‌లో కూలెంటే లేదు. నల్ల పొగైతే ఫిల్టర్, చోక్, కార్బురేటర్ చూపించండి, బోరుతో దానికి పనిలేదు. ప్లగ్గు విప్పితే కూడా తేడా తెలుస్తుంది: పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, నల్లగా తడిగా జిడ్డుంటే ఆయిల్ కాలుతున్నట్టు.

పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అని ధీమా పడకండి. పెట్రోలు బైకులకు ఆ పరీక్ష చేసేది ఇంజన్ ఐడిల్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా నిలబెట్టి ఉన్నప్పుడే. బ్రిడ్జి దిగాక వచ్చే పొగ దానికి చిక్కదు.

నాన్న బండికి హెడ్డు దింపి రెండు సీల్స్ మార్పించాం, బోరు ముట్టుకోలేదు. పొగ పోయింది. సీల్స్ ఖరీదు కొంచెమే, కూలీయే ఎక్కువ. ఎలాగూ హెడ్డు దిగుతుంది కాబట్టి వాల్వ్‌ను గైడ్‌లో (వాల్వ్ కాడ జారే గొట్టంలో) పెట్టి అటూ ఇటూ కదిపి మీ కళ్లముందే చూపించమనండి. గైడ్ అరిగి వాల్వ్ ఊగుతుంటే కొత్త సీల్ కూడా తొందరగానే పోతుంది, అప్పుడు గైడ్ మార్పించడానికి లేత్ షాపుకు పంపాల్సిందే. ఈ పని అయ్యేదాకా పెట్రోలు కొట్టించినప్పుడల్లా డిప్ స్టిక్ చూస్తుండండి. కాలిపోయిన ఆయిల్ మళ్లీ పోయకుండా తిప్పితే వాల్వ్‌లను తెరిచే కామ్ షాఫ్ట్ పట్టేస్తుంది, అప్పుడు హాఫ్ ఇంజన్ నిజంగానే తప్పదు.