సమాధానం: అప్పుల టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే

తమ్ముడూ, ఒడిశాలోని రాయగడలో కిరాణా కొట్టు నడుపుతున్నానని, ఎవరికెంత ఇవ్వాలో లెక్క తేలక రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని రాశావు. అప్పు కన్నా ఆ తేలని లెక్కే నిన్ను ఎక్కువ తినేస్తోందని నాకనిపిస్తోంది.

ఈ రాత్రే ఒక నోటుబుక్కు తియ్యి. అప్పుకో పేజీ: అసలెంత, వడ్డీ ఎంత, ఏ తేదీకి కట్టాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది ఉంటే, పక్కనే "ఏడాదికి 36 శాతం" అని రాయి. నోటితో అన్నప్పుడు చిన్నగా వినిపించేది, కాగితం మీద చూస్తే గుండె ఝల్లుమంటుంది. ముందు తీర్చాల్సింది అదే. బ్యాంకులో బంగారం మీద లోను అంతకంటే చాలా తక్కువ వడ్డీకి దొరుకుతుంది. ఇంట్లో నగలుంటే అడిగి చూడు, కానీ మీ ఆవిడకు చెప్పే చెయ్యి.

గల్లాపెట్టె డబ్బుతో ఇంటికి కూరగాయలు కొనడం మానెయ్. కొట్టు కట్టేసేటప్పుడు ఇంటి ఖర్చుకని ఇంత తీసి విడిగా పెట్టు, అందులోనే సర్దుకోవాలి. మిగిలింది దాచుకోవడానికి పోస్టాఫీసు ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు, నెలకు 100 రూపాయలతోనే మొదలుపెట్టొచ్చు.

"నాకేమైనా అయితే పిల్లలేం కావాలి" అన్నావు కదా. నీకు 50 ఏళ్లు దాటకపోతే బ్యాంకులో జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలే, ప్రమాదానికి సురక్షా బీమా 20 రూపాయలు. ఒక్కోదానికి 2 లక్షలు వస్తాయి. ఫారం ఒడియాలో ఉంటే బ్యాంకువాళ్ల చేతే చదివించుకుని, నామినీ పేరు సరిచూసుకో.

ఫోన్లో యాప్‌ల అప్పు మాత్రం ముట్టుకోకు. నోటుబుక్కులో లెక్క తేలాక రాయి, ఏది ఎప్పుడు తీర్చాలో కలిసి చూద్దాం.