సూపర్‌కారు నెలకి ఎన్నిసార్లు బయటికి తీయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే సందేహం: ఇష్టపడి కొనుక్కున్న సూపర్‌కారును ఎంత నడపాలి, ఎంత దాచుకోవాలి? వాటిలో కొన్నింటికి జవాబులివి.

ప్రశ్న: సూపర్‌కారు కొని ఏడాదైంది. ఓడోమీటరు ఇంకా 900 కిలోమీటర్లు దాటలేదు. వారానికోసారైనా నడపాలని ఒకరంటారు, ఎంత తక్కువ తిరిగితే అంత మంచిదని ఇంకొకరంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: రెండు వారాలకోసారి, తీసినప్పుడల్లా తక్కువలో తక్కువ ముప్పావు గంట నడపండి. వారం వారం కుదిరితే మరీ మంచిది. అయితే వారానికి మూడుసార్లు పదేసి నిమిషాలు తిప్పడం కంటే, రెండు వారాలకోసారి 50 కిలోమీటర్లు ఏకబిగిన నడపడమే బండికి మేలు.

ముప్పావు గంట ఎందుకంటే, ఇంజన్‌లో అన్నీ ఒకేసారి వేడెక్కవు. కూలెంట్ గేజి ముల్లు కొద్ది నిమిషాల్లోనే మధ్యకు వచ్చేస్తుంది. అది చూసి ఇంజన్ సిద్ధమైపోయిందనుకుంటాం. ఆయిల్ మాత్రం అప్పటికి ఇంకా వెనకబడే ఉంటుంది. చాలా సూపర్‌కార్లలో డ్రై సంప్ ఏర్పాటు ఉంటుంది, అంటే ఆయిల్ ఇంజన్ అడుగున కాకుండా విడి ట్యాంకులో ఉంటుంది. మామూలు కారులో కంటే పరిమాణం బాగా ఎక్కువ. అదంతా 90 డిగ్రీలకు చేరాలంటే పదిహేను ఇరవై నిమిషాల నడక కావాలి. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంకా ఆలస్యం. ఇవన్నీ వేడెక్కాక మిగిలిన అరగంటలోనే బండి తన అసలు గుణం చూపిస్తుంది. ఆయిల్‌లో చేరిన చెమ్మా, పెట్రోలూ ఆవిరైపోయేది కూడా అప్పుడే.

ఆయిల్ 80 డిగ్రీలు దాటేదాకా 3,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) లోపే ఉంచండి, యాక్సిలరేటర్ సగానికి మించి తొక్కకండి. టర్బో ఇంజనైతే ఇంటికి చేరే ముందు చివరి మూడు నాలుగు కిలోమీటర్లు నెమ్మదిగా రండి.

ఈ లెక్కన ఏడాదికి 1,300 కిలోమీటర్లే అవుతాయి. మనసైతే మూడింతలు నడపండి, బండికి ఏమీ కాదు.

ప్రశ్న: నాకు తీరిక తక్కువ. అందుకని ప్రతి ఆదివారం స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపేస్తున్నాను. సరిపోతుందా?

జవాబు: దయచేసి ఆ అలవాటు మానేయండి. ఏమీ చేయకుండా వదిలేసినా ఇంతకంటే నయం.

లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. చాలామటుకు ఆవిరిగా సైలెన్సర్ దారి పడుతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల పక్క నుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కితే ఆ నీరు మళ్లీ ఆవిరై బయటికి పోతుంది. పది నిమిషాల ఐడిల్‌కి అంత వేడి రాదు. అంటే ప్రతి ఆదివారం మీరు ఆయిల్‌లోకి కాస్త నీరు, కాస్త పెట్రోలు చేర్చి మూత పెడుతున్నారన్నమాట.

అనుమానముంటే ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. పల్చటి నూనె పొర ఉండాల్సిన చోట మీగడ రంగు ముద్ద అంటుకుని ఉంటే, అది నీరూ ఆయిలూ కలిసి చిలికినట్టయిన పదార్థం. గుడ్డతో తుడిచి, గంటసేపు నడిపి, మళ్లీ చూడండి. తిరిగి రాకపోతే అది ఐడిల్ అలవాటు తెచ్చిన చెమ్మే. మళ్లీ కనిపించి, కూలెంట్ మట్టం కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగం కింది సీలు) పరీక్ష చేయించాలి.

ఇంకో నష్టం కూడా ఉంది. చల్లటి ఇంజన్‌కి కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ వదులుతుంది. అది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, స్పార్క్ ప్లగ్గులకు మసి పట్టిస్తుంది. కారు కడగడానికని గ్యారేజీలోంచి బయటికి తీసి నిమిషంలో ఆపేసేవాళ్లకు కూడా ఇదే జరుగుతుంది. ప్లగ్గులు తడిసి, మర్నాడు సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. కడిగిన రోజు ఎలాగూ ఒక రౌండు వెళ్లిరండి, బ్రేక్ డిస్కులు కూడా ఆరతాయి.

ప్రశ్న: నడిపే కొద్దీ ధర పడిపోతుందన్న భయంతో సరదాగా నడపలేకపోతున్నాను. భయం నిజమేనా?

జవాబు: కొంత నిజమే. ఎక్కువ సంఖ్యలో తయారయ్యే మోడళ్లకు కిలోమీటర్లు పెరిగితే ధర తగ్గుతుంది, ఒప్పుకోవాలి. అరుదైనవాటి సంగతి వేరు. నటుడు రోవన్ అట్కిన్సన్ 1997లో 5,40,000 పౌండ్లకు మెక్‌లారెన్ ఎఫ్1 కొన్నారు. ఆ కారు రెండుసార్లు ప్రమాదానికి గురైంది, 41,000 మైళ్లు, అంటే సుమారు 66,000 కిలోమీటర్లు తిరిగింది. అయినా 2015లో సుమారు 80 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. మొత్తం తయారైనవే 106 కావడం అందుకు పెద్ద కారణం, కాబట్టి మీ కారుకూ అలాగే జరుగుతుందని అనం. కానీ బాగా చూసుకుంటూ నడిపిన బండికి కొనేవాళ్లు ఉంటారనడానికి అది చాలు.

నడపకపోతే ఖర్చు తప్పుతుందనుకోవడమే పెద్ద పొరపాటు. ఈ కార్ల నిర్వహణలో చాలా భాగం కిలోమీటర్లను బట్టి కాక క్యాలెండర్‌ను బట్టి నడుస్తుంది. ఫెరారీ ఏడేళ్ల మెయింటెనెన్స్ పథకంలో సర్వీసు 20,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు. అదే ఫెరారీ పాత మోడల్ ఎఫ్355 టైమింగ్ బెల్టులను బండి కదలకపోయినా మూడేళ్లకోసారి మార్చమంటారు, అందుకు ఇంజన్ మొత్తం కిందికి దించాలి. పైన చెప్పిన మెక్‌లారెన్ ఎఫ్1లో పెట్రోలు నింపే సంచి లాంటి ట్యాంకును అయిదేళ్లకోసారి మార్చాలి, దానికీ ఇంజన్ దించాల్సిందే. బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, చెమ్మ పట్టాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకు దిగిపోతుంది.

కదలని బండిలో ఆయిల్ సీళ్లు ఎండి బిగుసుకుపోతాయి. ఏసీ కంప్రెసర్ సీలుకు ఆయిల్ అందేది ఏసీ తిరిగినప్పుడే, అందుకే చలిలోనూ ప్రతి డ్రైవ్‌లో పది నిమిషాలు ఏసీ వేయండి.

అందుకని కిలోమీటర్లు మిగల్చడం కంటే సర్వీసు కాగితాలు, టైర్ల బిల్లులు, ఆయిల్ మార్చిన తేదీలు ఒక ఫైల్లో పెట్టుకోవడం మీద శ్రద్ధ పెట్టండి. తెలిసినవాళ్లు కొనేటప్పుడు ముందు అడిగేది ఆ ఫైలే.

ప్రశ్న: మూడు వారాలు ఊళ్లో లేకపోతే చాలు, బ్యాటరీ డౌన్ అయిపోతోంది. పోయినసారి ముందు బానెట్ కూడా తెరుచుకోలేదు. బ్యాటరీ దాని కిందే ఉంది!

జవాబు: కారు ఆపి తాళం వేసినా అలారం, ట్రాకర్, తాళం చెవి సంకేతం కోసం చూసే రిసీవర్ కరెంటు తాగుతూనే ఉంటాయి. మూడు వారాలకు డౌన్ కావడం ఈ కార్లలో మామూలే. మల్టీమీటరుతో చూడండి: కారు రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 వోల్టులు లేదా ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 ఉంటే ముప్పాతిక, 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. ఖాళీగా వదిలేసిన సీసం బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గడ్డకట్టి, మళ్లీ ఎంత చార్జ్ చేసినా పూర్వపు బలం రాదు.

బ్యాటరీ మెయింటెయినర్ (నిండాక తనంతట తానే తగ్గే చార్జర్) కొని గ్యారేజీలో ఉన్నంతసేపూ తగిలించి ఉంచండి. మామూలు పాత చార్జర్ వద్దు, అది నిండాక కూడా తోస్తూనే ఉంటుంది. మీ కారులో ఉన్నది లిథియం బ్యాటరీ అయితే లిథియంకి సరిపోయే మెయింటెయినరే వాడాలి. నెగటివ్ క్లిప్పు నేరుగా బ్యాటరీకి కాకుండా బాడీ మీద చూపించిన ఎర్త్ పాయింటుకు పెట్టండి, లేకపోతే బ్యాటరీ సెన్సర్ లెక్క తప్పుతుంది.

బానెట్ విషయానికొస్తే, తయారీదారులు దీనికి దారి పెట్టే ఉంచుతారు. చాలా పోర్షా 911లలో ముందు సీటు కాళ్ల దగ్గరి ఫ్యూజు పెట్టెలో బయటికి లాగే పాజిటివ్ టెర్మినల్ ఉంటుంది. దానికి బయటి బ్యాటరీ తగిలించి, నెగటివ్‌ను తలుపు దగ్గరి లోహానికి పెడితే బానెట్ తాళానికి కరెంటు అందుతుంది. అది లాక్ తెరవడానికే, ఇంజన్ స్టార్ట్ చేయడానికి కాదు. కొన్ని కార్లలో దాచిపెట్టిన తీగ లాగాలి. మీ కారుకు ఏదో మాన్యువల్లో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

ప్రశ్న: మా బండి టైర్లకి ఏడేళ్లు. ట్రెడ్ దాదాపు కొత్తగానే ఉంది. ఇంకా వాడొచ్చా?

జవాబు: వద్దు, మార్చేయండి. టైరు పక్కన DOT (డాట్) అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అంత శక్తి ఉన్న బండికి అయిదారేళ్లు దాటిన టైరు వాడకూడదు. రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది, అది ట్రెడ్ లోతులో కనిపించదు. 2013లో నటుడు పాల్ వాకర్ ప్రాణం తీసిన పోర్షా కరేరా జీటీ ప్రమాదంలో అధికారులు అతివేగాన్నే కారణంగా చెప్పారు. అయితే ఆ టైర్లు తొమ్మిదేళ్లు దాటినవని కూడా నివేదికలో రాశారు.

ట్రాక్ కోసం చేసిన మిషెలిన్ కప్ 2, పిరెల్లి ట్రోఫియో లాంటి టైర్లయితే ఇంకో జాగ్రత్త: చల్లగా ఉన్నప్పుడు వాటికి పట్టు బాగా తక్కువ. చలి రోజున, తడి రోడ్డు మీద మొదటి పది కిలోమీటర్లు అతి నెమ్మదిగా వెళ్లండి.

ప్రశ్న: రోజూ ట్రాఫిక్‌లో వాడితే క్లచ్ పోతుందా?

జవాబు: ఫెరారీ 360 ఎఫ్1, లాంబోర్గినీ గయార్డో ఈ-గేర్ లాంటి సింగిల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సయితే త్వరగా అరుగుతుంది. అంగుళం అంగుళం పాకించకండి, ముందు ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, ఎత్తు మీదికి రివర్స్ చేయడం అన్నిటికంటే చెడ్డది. ఎంత అరిగిందో వర్క్‌షాపు కంప్యూటర్ చూపిస్తుంది, సర్వీసు జరిగినప్పుడల్లా అంకె రాయించుకోండి. ఆయిల్‌లో మునిగి ఉండే డ్యూయల్ క్లచ్‌లు చాలా ఓర్చుకుంటాయి.

ప్రశ్న: మొదట్లో ఉన్న సంతోషం ఇప్పుడు లేదు. హైవే ఎక్కి నాలుగుసార్లు గట్టిగా తొక్కి వచ్చేస్తున్నాను. ఇంకా ఎక్కువసార్లు నడపాలా?

జవాబు: ఎన్నిసార్లన్నది కాదు, ఎక్కడ నడుపుతున్నారన్నది చూడండి. చాలా సూపర్‌కార్లు రెండో గేర్‌లోనే 100 కిలోమీటర్ల వేగం దాటేస్తాయి. తిన్నని రోడ్డు మీద చట్టం ఒప్పుకునే ఆనందం మూడు సెకన్లలో అయిపోతుంది. మలుపులున్న రోడ్డు ఒకటి చూసుకోండి, 30, 40 కిలోమీటర్లుంటే చాలు. జనం లేని తెల్లవారుజామున వెళ్లండి. అదే రోడ్డు మీద మళ్లీ మళ్లీ నడపండి. నాలుగైదుసార్లకి ఏ మలుపు ముందు బ్రేకు వదలాలో, ఏ గేరులో బయటపడాలో చేతులకే తెలిసిపోతుంది. 60, 70 వేగంలో కూడా స్టీరింగ్ చెప్పే మాట వినిపించేది అలాంటి చోటే.

గేర్లు మీరే మార్చండి. రోడ్డు గతుకులుగా ఉంటే సస్పెన్షన్‌ను మెత్తగా పెట్టండి. చాలా కొత్త ఫెరారీల్లో దానికి స్టీరింగ్ మీద వేరే మీటే ఉంది, ఇంజన్ రేస్ మోడ్‌లో ఉన్నా డ్యాంపర్లను (షాక్ అబ్జార్బర్లను) మాత్రం మెత్తబరుస్తుంది. టైరు నేలను వదలకపోతే బండి నమ్మకంగా నడుస్తుంది, మీకూ భయం తగ్గుతుంది. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం రోడ్డు మీద ఎప్పుడూ ఆపకండి. రెండు వారాలు స్టీరింగ్ పట్టని చేతులు మొదటి పావుగంట కాస్త మొద్దుగా ఉంటాయి.

పూర్తి వేగం చూడాలని ఉంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్‌కి వెళ్లండి. ముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి, ప్యాడ్లు సగానికి పైగా ఉండాలి. చివరి ల్యాపు నెమ్మదిగా తిరిగి బ్రేకులు చల్లార్చండి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, కాలిన ప్యాడ్లు డిస్కుకు అంటుకుంటాయి.

ప్రశ్న: నాలుగు నెలలు వేరే దేశంలో ఉండాలి. కారును ఎలా వదిలి వెళ్లాలి?

జవాబు: ఆయిల్ వెళ్లే ముందే మార్పించండి, వచ్చాక కాదు. వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు నాలుగు నెలలు బేరింగులను తింటూ కూర్చుంటాయి. ట్యాంకు దాదాపు నింపి పెట్రోలు పాడవకుండా ఉంచే ఫ్యూయల్ స్టెబిలైజర్ కలిపి, పదిహేను నిమిషాలు నడపండి, అది ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. టైర్లకు మామూలు కంటే 0.5 బార్ గాలి ఎక్కువ పట్టండి, టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటకుండా. చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టి హ్యాండ్‌బ్రేక్ వదిలేయండి. ఎలక్ట్రిక్ బ్రేకు చాలా కార్లలో ఇంజన్ ఆపగానే దానంతటదే పడుతుంది, పడకుండా ఆపే పద్ధతి మాన్యువల్లో ఉంటుంది. కప్పేది గాలి ఆడే నూలు కవరై ఉండాలి, ప్లాస్టిక్ అయితే లోపల చెమట పడుతుంది. ఎలుకలు లోపలికి దూరకుండా సైలెన్సర్ గొట్టాలకు జాలీ గుడ్డ కుక్కి, కుక్కినట్టు చీటీ రాసి స్టీరింగ్‌కు కట్టండి. మెయింటెయినర్ తగిలించండి. మధ్యలో ఎవరిచేతా స్టార్ట్ చేయించకండి.

తిరిగొచ్చాక చీటీ ప్రకారం గుడ్డలు తీసి, గాలి సరిచేసి, కింద నేల మీద మరకలేమైనా ఉన్నాయేమో చూడండి. బ్రేకు పెడల్ నొక్కితే గట్టిగా ఉండాలి. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగి మెల్లగా కదలండి. ఇనుప డిస్కులైతే పట్టిన పల్చటి తుప్పు వల్ల మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమంటుంది. ఒకేచోట నిలిచి టైర్లు కాస్త చదునవడం వల్ల స్టీరింగ్ కాస్త అదురుతుంది. ఇరవై కిలోమీటర్లు వేడెక్కాక కూడా ఆ అదురు తగ్గకపోతే, టైర్ల షాపులో చూపించే దాకా వేగం పెంచకండి.